ఎదుటే ఉండి కనపడని స్వామీ

షేరింగ్ స్వామీ, నీకు శతకోటి నమస్కారాలు. కంప్యూటర్ల మధ్య ఫైళ్లూ, నలుగురి మధ్య ఒక ప్రింటరూ పంచిపెట్టడానికి అవతరించినవాడివి. నీ కృప లేకపోతే ఆఫీసు గదిలో కూర్చున్న నలుగురూ తలా ఒక ప్రింటరు పెట్టుకుని, ఎవరి కాగితం వాళ్లు తీసుకుని, ఒకరి మొహం ఒకరు చూడకుండా సాయంత్రం ఇళ్లకు పోయేవాళ్లు. ఇప్పుడు చూడు, రోజుకు పదిసార్లు ఒకరి కుర్చీ దగ్గరికి ఒకరు లేచి వెళుతున్నారు, యోగక్షేమాలు కనుక్కుంటున్నారు, "మీ దాంట్లోంచి ఒక్క ప్రింట్ కొడతారా" అని వినయంగా అడుగుతున్నారు. మనుషుల్ని ఇంతగా కలిపిన దేవుడు మరొకడు లేడు.

నీ క్షేత్రమహిమ చెప్పాలంటే తార్నాక చౌరస్తా నుంచి మొదలుపెట్టాలి. ఉస్మానియా, ఇఫ్లూ, ఐఐసీటీ, జాతీయ పోషకాహార సంస్థ, కాస్త ముందుకు పోతే ఎన్‌జీఆర్‌ఐ, సీసీఎంబీ. ఇంత చదువు ఇంత దగ్గరదగ్గరగా పోగుపడ్డ జాగా హైదరాబాద్‌లోనే ఇంకోటి లేదు. వీటిలో ఏ గోడ లోపల నీ లీలలు ఎక్కువో చెప్పను. ఏదో ఒక క్యాంపస్, అందులో ఏదో ఒక డిపార్ట్‌మెంట్ ఆఫీసు. నాలుగు బల్లలు, నాలుగు కంప్యూటర్లు. ఒకటి ఏదో గ్రాంటు మురిగిపోతుందని మార్చి నెలాఖరులో కొన్నది, ఒకటి న్యాక్ కమిటీ వస్తోందన్న హడావిడిలో తెచ్చింది, ఒకటి ఎవరి ప్రాజెక్టో ముగిసిపోతే మిగిలింది, ఒకటి ఎప్పుడొచ్చిందో స్టాక్ రిజిస్టర్‌కే తెలియాలి. అందుకే సూపరింటెండెంట్ గారిది విండోస్ 10, జూనియర్ అసిస్టెంట్ మేడంది విండోస్ 7, హెడ్ గారి గదిలో విండోస్ 11, మూలన డీటీపీ కంప్యూటర్‌లో ఎక్స్‌పీ. దశావతారాల్లో నాలుగు ఒకే గదిలో కొలువున్నాయి. అన్నిటికీ కలిపి ఒక్క లేజర్ ప్రింటర్. అది సూపరింటెండెంట్ గారి కంప్యూటర్‌కు యూఎస్‌బీ తీగతో కట్టేసి ఉంది.

ఎక్స్‌పీ ఇంకా ఎందుకుందని కొత్తగా వచ్చినవాళ్లు అడుగుతుంటారు. 2001 అక్టోబరులో పుట్టి, 2014 ఏప్రిల్ 8తో మైక్రోసాఫ్ట్ కంపెనీ చేతులు దులుపుకున్నదాన్ని ఇన్నేళ్లు మోయడమేమిటని వాళ్ల ఆశ్చర్యం. తెలుగు చదివినవాళ్లెవరూ ఆ ప్రశ్న అడగరు. అందులో పేజ్‌మేకర్ 7 ఉంది, అను ఫాంట్లు ఉన్నాయి. సెమినార్ సంచికలు, పాత ప్రశ్నపత్రాలు, ఆహ్వానపత్రికలు, పదవీ విరమణ అభినందన పత్రాలు అన్నీ ఆ రూపంలోనే ఉన్నాయి. యూనికోడ్‌లోకి మారుద్దామని ప్రతి సెమినార్‌లోనూ తీర్మానం చేస్తారు. ఆ తీర్మానాన్ని కూడా అనులోనే కొడతారు.

ఇప్పుడు నీ లీలలు. నీ పాత అవతారంలో, నెట్‌వర్క్ మీద ఎవరెవరున్నారో జాబితా రాసిపెట్టడానికి ఒక కంప్యూటర్‌ను పెద్దగా ఎంచుకునే పద్ధతి ఉండేది. దానికి నువ్వు పెట్టిన పేరు కూడా ఎన్నికే. ఎవరి విండోస్ కొత్తదైతే వాళ్లకు మొగ్గు. ఇద్దరూ సమానమైతే ఎక్కువసేపు మేలుకుని ఉన్నవాళ్లకు. విద్యార్థి సంఘాల ఎన్నికలు ఏనాడో ఆగిపోయిన క్యాంపస్‌లలో, నోటిఫికేషన్ లేకుండా, పోస్టర్లు అంటించకుండా, ఒక్క అద్దం పగలకుండా నువ్వు రోజూ ఎన్నికలు జరిపించావు. ప్రజాస్వామ్యానికి ఇంతకన్నా సేవ ఏముంటుంది? ఆ జాబితా మాత్రం నీ దయాగుణానికి తగ్గట్టే ఉండేది. ప్రతి కంప్యూటర్ 12 నిమిషాలకోసారి "ఉన్నాను" అని పలకాలి. మూడుసార్లు పలకకపోతేనే పేరు కొట్టేసేవాడివి. కాబట్టి స్విచ్ ఆపి తాళం వేసి వెళ్లిపోయిన కంప్యూటర్ కూడా 36 నిమిషాల దాకా జాబితాలో బతికే ఉండేది. అప్పుడే ఆన్ చేసినదేమో కనిపించేది కాదు. లేనివాళ్ల పేర్లు నిలబెట్టి ఉన్నవాళ్ల పేర్లు గల్లంతు చేయడంలో మన ఓటర్ల జాబితా తర్వాత నీదే కీర్తి.

విండోస్ 7తో, 2009లో, నీకు మా మీద ఇంకా ప్రేమ పుట్టింది. హోమ్‌గ్రూప్ అన్నావు. ఒక్క పాస్‌వర్డ్ చాలు, ఇంట్లోవాళ్లంతా ఒకటే, ఏ ఐపీ అడ్రసూ అక్కర్లేదు అన్నావు. నిజంగానే బాగుంది. కొందరు నేర్చుకున్నారు, నేర్చుకున్నవాళ్లు పక్కవాళ్లకు నేర్పారు. అలవాటు పడ్డ జనం బద్ధకస్తులైపోతారన్న ముందుచూపుతో 2018 వసంతంలో విండోస్ 10కి వచ్చిన అప్‌డేట్‌తో దాన్ని తీసేశావు. మమ్మల్ని నిత్య విద్యార్థులుగా ఉంచాలన్న నీ సంకల్పానికి విశ్వవిద్యాలయం కంటే తగిన చోటు ఉంటుందా?

నీ జన్మవృత్తాంతం కూడా తెలుసుకోదగ్గదే. ఎనభైల మొదట్లో ఐబీఎంలో బారీ ఫీగెన్‌బామ్ అనే ఇంజినీరు నీకు ప్రాణం పోశాడు. ఎస్సెమ్‌బీ అన్నది నీ అసలు పేరు. తర్వాత విండోస్ నిన్ను దత్తత తీసుకుని కొత్త నగలు చేయించింది. నీ భాష బయటివాళ్లకు అర్థం కావద్దని కాబోలు, చాలాకాలం పూర్తిగా రాసిచ్చినవాళ్లు లేరు. ఆస్ట్రేలియాలో ఆండ్రూ ట్రిడ్జెల్ అనే పరిశోధక విద్యార్థి 1991 చివర్లో తీగ మీద పోయే మాటలు చెవి ఒగ్గి విని, నువ్వేం మాట్లాడుతున్నావో ఊహించి, నీలాగే మాట్లాడే ప్రోగ్రాం రాశాడు. అదే సాంబా. యూరప్‌వాళ్లు ఇంత ఓపిక లేనివాళ్లు. 2004 మార్చిలో మైక్రోసాఫ్ట్‌కు 49.7 కోట్ల యూరోల జరిమానా వేసి, సర్వర్లతో మాట్లాడే భాషను పోటీదారులకు చెప్పమన్నారు. 2007 సెప్టెంబరులో అక్కడి కోర్టు దాన్ని సమర్థించింది. ఆ డిసెంబరులో సాంబావాళ్ల తరఫున 10,000 యూరోలు కడితే గానీ కాగితాలు చేతికి రాలేదు. ఎంత దొడ్డ మనసు స్వామీ! ఫలితమేమిటంటే, ఆ క్యాంపస్‌లోనే పక్క ల్యాబ్‌లో ఉబుంటు వేసుకున్న పరాయి కంప్యూటర్ ఒకటుంది, అది నాలుగు విండోస్‌లతోనూ కలిపి మాట్లాడుతుంది. ఒకే ఇంటిపేరున్న ఆ నాలుగూ మాత్రం ఒకదాని మాట ఒకటి వినవు. అన్నదమ్ములంటే అంతే మరి.

ఉస్మానియా తలుపులు తెరవకముందే, 1917లో, పుస్తకాలను ఉర్దూలోకి తేవడానికి తర్జుమా విభాగం పెట్టారు. గణితం, చట్టం, రసాయనశాస్త్రం అన్నీ భాష మార్చుకుని తరగతి గదుల్లోకి వచ్చాయి. పరాయి భాషలోని శాస్త్రాన్ని ఇంటికి తెచ్చుకున్న ఆ ప్రాంతంలో వందేళ్లు దాటాక, మేడం కంప్యూటర్ చెప్పింది సూపరింటెండెంట్ గారి కంప్యూటర్‌కు వినిపించడానికి ఒక దుబాసీ దొరకడం లేదు. మేడంది 32 బిట్, ఆయనది 64 బిట్. ఆయన దగ్గరున్న డ్రైవర్ ఈమెకు పనికిరాదు. ఈమెకు పనికొచ్చే డ్రైవర్ సీడీలో ఉంది. ఆ సీడీ పెట్టడానికి ఆయన కంప్యూటర్‌కు సీడీ డ్రైవ్ లేదు.

నీ భద్రతా దీక్ష గురించి చెప్పకపోతే పాపం తగులుతుంది. 2017 మే 12న వానాక్రై లోకం మీద పడింది. నీ మొదటి అవతారమైన ఎస్సెమ్‌బీ 1లో ఉన్న కన్నంలోంచే దూరింది. దానికి మాటు మార్చిలోనే ఇచ్చారు, వేసుకోనివాళ్లే మునిగారు. మన ఆంధ్రప్రదేశ్ పోలీసుల కంప్యూటర్లు కూడా కొన్ని దాని బారిన పడ్డాయి. దొంగల్ని పట్టేవాళ్ల ఫైళ్లకే దొంగ తాళం వేసి డబ్బు అడిగాడు. ఆ అక్టోబరు నుంచి వచ్చిన విండోస్ 10లో పాత అవతారాన్ని వేయడం మానేశావు. మంచి పనే, ముప్పై ఏళ్ల నాటి తలుపు అది, ఎప్పుడో మూయాల్సింది. ఇంతవరకు వెటకారం లేదు. కానీ మూసిన తలుపు మీద ఏం రాసి పెట్టావో చూడు. మనసైనప్పుడు "ఇది పాతది, భద్రం కాదు" అని కారణం చెబుతావు. మనసు కానప్పుడు 0x80070035, దారి దొరకలేదు అంటావు. ఎక్స్‌పీ ఎదుటే ఉంది. దాని ఫ్యాన్ చప్పుడు వినిపిస్తోంది. దానికీ దీనికీ మధ్య ఒక స్విచ్ బాక్సు, రెండు తీగలు. అయినా దారి లేదంటావు. కళ్లముందున్నదంతా మిథ్య అని చెప్పడానికి ఆచార్యులు భాష్యాలు రాశారు. నువ్వు ఒక నంబరుతో తేల్చేశావు.

పైగా ఆ పాత ఎన్నికల పద్ధతి కూడా పాత అవతారంతోనే పోయింది. ఇప్పుడు కనిపించాలంటే ఫంక్షన్ డిస్కవరీ అనే ఇంకో సేవకుణ్ణి లేపాలి. అతను సర్వీసుల జాబితాలో ఎక్కడో అడుగున నిద్రపోతుంటాడు. నెట్‌వర్క్ పబ్లిక్కా ప్రైవేటా అని ఎప్పుడో ఒకసారి అడిగావు. ప్రభుత్వ యూనివర్సిటీ గదా, సూపరింటెండెంట్ గారు నిజాయితీగా పబ్లిక్ అని నొక్కారు. అంతే, అందరికీ కనిపించకుండా పోయారు.

మేడం ప్రింట్ కొట్టారు. యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ చెప్పమన్నావు.

"సార్, మీ పాస్‌వర్డ్ ఏంది?"

"నాకు పాస్‌వర్డ్ లేదమ్మా. ఏముందని దాచిపెట్టుకుంటా?"

ఖాళీగా వదిలి ఎంటర్ కొట్టారు. కుదరదన్నావు. పాస్‌వర్డ్ లేని ఖాతా ఆ కంప్యూటర్ ముందు కూర్చున్నవాడికే చెల్లుతుంది, తీగ మీద వచ్చినవాడికి చెల్లదని ఎక్స్‌పీ నాటి నుంచీ నీ శాసనం. శాసనం సరే, ఆ ఒక్క ముక్కే ఆ పెట్టెలో సూటిగా రాస్తే నీ సొమ్మేం పోయేది? ఖాతా మీద ఆంక్ష ఉందంటావు. లేని పాస్‌వర్డ్ ఆంక్ష ఎలా అయిందో తర్కశాస్త్రం చెప్పేవాళ్లు కూడా అదే క్యాంపస్‌లో ఉన్నారు, అడిగి చూడొచ్చు.

హెడ్ గారి సంగతి ఇంకా రమ్యం. ఆయన ఉదారంగా సర్క్యులర్లన్నీ ఒక ఫోల్డర్‌లో వేసి, షేర్ చేసి, "అందరూ తీసుకోండి" అన్నారు. తీసుకోబోతే అక్కడా అదే పెట్టె. ఆయనకు తెలిసింది నాలుగంకెల పిన్. అటెండర్ చేతికి చీటీ మీద రాసి పంపారు. కొట్టారు, పడలేదు. పిన్ ఆ యంత్రం గడప దాటదు. బయటివాళ్లకు అసలు ఖాతా మెయిలూ దాని పాస్‌వర్డూ కావాలి. అవి కంప్యూటర్ బిగించిన కుర్రాడికి తెలుసు. ఆ కుర్రాడు ఉద్యోగం మారాడు. ఆ రోజు నుంచి హెడ్ గారి పిన్ మాత్రం డిపార్ట్‌మెంటులో అందరికీ తెలుసు. పంచుకోవడం అంటే ఇదే కదా స్వామీ.

2021లో నీ ప్రతాపం ప్రింటర్ల మీదికి మళ్లింది. ప్రింట్ స్పూలర్‌లో ఒక పెద్ద కన్నం ఉందని జూన్ నెలాఖరులో బయటపడింది, దానికి ప్రింట్‌నైట్‌మేర్ అని పేరు పెట్టారు. జులైలో మాటు వేశారు. ఆగస్టు 10 నుంచి, షేర్డ్ ప్రింటర్ డ్రైవర్ వేసుకోవాలంటే అడ్మినిస్ట్రేటర్ అనుమతి తప్పనిసరి చేశారు. సెప్టెంబరు అప్‌డేట్‌తో ఇంకో తాళం పడింది. ప్రింటర్ ఉన్న కంప్యూటర్‌కు ఆ అప్‌డేట్ వచ్చి, అడిగే కంప్యూటర్‌కు రాకపోతే 0x0000011b అనే ఎర్రర్. సూపరింటెండెంట్ గారి విండోస్ 10కి రాత్రికి రాత్రి వచ్చింది. మేడం విండోస్ 7కి 2020 జనవరి 14 నుంచే రావడం మానేసింది. పొద్దున్నే అటెండర్ చెప్పిన మాటే ఆ గదిలో నీ గురించి అందరికీ తెలిసిన శాస్త్రం: "నిన్నటిదాంక మంచిగనే వచ్చింది మేడం. రాత్రి ఏదో అప్‌డేట్ అయ్యిందంట."

అప్పుడు సర్వీసు కుర్రాడొచ్చాడు. అతను నీ పరమభక్తుడు, నిన్ను ప్రసన్నం చేసుకునే తంత్రమంతా తెలిసినవాడు. పాస్‌వర్డ్ ప్రొటెక్టెడ్ షేరింగ్ ఆఫ్. ఫైర్‌వాల్ ఆఫ్. ఫోల్డర్ మీద ఎవ్రీవన్, ఫుల్ కంట్రోల్. విండోస్ ఫీచర్లలోకి వెళ్లి, వానాక్రై దూరిన ఆ పాత ఎస్సెమ్‌బీ 1కి మళ్లీ టిక్కు. రిజిస్ట్రీలో ఒక విలువ సృష్టించి దానికి సున్నా. చివరగా, ఇవన్నీ మళ్లీ చెడగొట్టకుండా అప్‌డేట్లు మొత్తానికే బంద్. "ఇగ ఏం రాదు సార్, బిందాస్ వాడుకోండి" అన్నాడు. ప్రింటర్ కదిలింది. పొద్దుటి నుంచి ఎవరెన్నిసార్లు ప్రింట్ కొట్టారో అన్ని కాపీలూ వరసగా దిగాయి. కాగితం పొదుపుగా వాడాలన్న సర్క్యులర్ అది.

భక్తి పరాకాష్ఠ అంటే ఇదే స్వామీ. ఒక్కో కన్నానికి ఒక్కో తాళం నువ్వు వేస్తూ పోయావు. ఆ తాళాలన్నీ కలిసి ఒక సర్క్యులర్‌ను ఆపగలిగాయి. దాంతో గదిలోవాళ్లు ఉన్న తలుపులన్నీ, నువ్వు వేయకముందు నుంచి ఉన్నవాటితో సహా, తీసి పక్కన పెట్టారు. లోకంలో ఏ దొంగా ఇంత శుభ్రంగా తీయలేడు. నువ్వు భద్రత గురించి అంత గట్టిగా పట్టుబట్టకపోతే ఆ గది ఇంత బాహాటంగా ఉండేదే కాదు. తనదైన నెట్‌వర్క్ పోర్టు ఉన్న ప్రింటర్ కొంటే ఈ గొడవలో ముప్పాతిక భాగం ఉండదు. అది ఎవరి కంప్యూటర్‌నూ అడగదు, ఎవరు సెలవు పెట్టినా పని చేస్తుంది. కానీ కొటేషన్ల దగ్గర యూఎస్‌బీ ప్రింటర్ కాస్త తక్కువకు వచ్చింది, ఎల్-1 నిబంధన. తక్కువ ధర కోట్ చేసినవాడికే నువ్వు కూడా మొక్కాలి.

గది దాటి వస్తే తార్నాక వైపు నీ ఉపాలయాలు ఉన్నాయి. జిరాక్స్, డీటీపీ, బైండింగ్ షాపులు. థీసిస్ సమర్పించే రోజుల్లో అక్కడ సందు దొరకదు. రీసెర్చ్ స్కాలర్ ల్యాప్‌టాప్‌లో విండోస్ 11, షాపులో విండోస్ 7. మధ్యలో షేరింగ్ మాట ఎత్తేవాడే లేడు, నీ గురించి అంత బాగా తెలిసినవాళ్లు.

"అన్నా, పెన్‌డ్రైవ్ తెచ్చిన."

"పెన్‌డ్రైవ్ వద్దు తమ్మీ, వైరస్ ఉంటది. వాట్సాప్ జెయ్, లేకుంటే మెయిల్ కొట్టు."

అతని భయం న్యాయమే. క్యాంపస్ అంతా తిరిగొచ్చిన పెన్‌డ్రైవ్‌లో ఫోల్డర్లన్నీ షార్ట్‌కట్లుగా మారిపోవడం తెలియని విద్యార్థి లేడు. అయిదడుగుల దూరంలో ఉన్న రెండు కంప్యూటర్ల మధ్య థీసిస్ ఏ ఖండంలోనో ఉన్న సర్వర్ దాకా పోయి తిరిగి తార్నాకకు వస్తుంది. వచ్చి షాపు కంప్యూటర్ డౌన్‌లోడ్స్‌లో కూర్చుంటుంది. దాని పక్కనే ఎవరివో ఆధార్ కార్డులు, మార్కుల మెమోలు, కులధ్రువీకరణ పత్రాలు, ఎవరో అమ్మాయి హాస్టల్ దరఖాస్తు. ఎవరొచ్చి మౌస్ పట్టుకున్నా అన్నీ కనిపిస్తాయి. ఏ పాస్‌వర్డూ లేదు, ఏ ఎర్రర్ నంబరూ లేదు. ఇరవై ఏళ్లుగా నువ్వు ఇస్తానన్న అడ్డులేని పంపకం చివరికి ఆ డౌన్‌లోడ్స్ ఫోల్డర్‌లో సిద్ధించింది. అక్కడ నువ్వు లేవు గనుకనే సిద్ధించిందని కొందరు దుర్జనులు అంటారు, పట్టించుకోకు.

నువ్వు పరాయివాడివని కూడా అనలేం. నిన్ను దత్తత తీసుకున్న కంపెనీకి 2014 ఫిబ్రవరి నుంచి పెద్ద మన బేగంపేటలో హైదరాబాద్ పబ్లిక్ స్కూల్లో చదువుకున్న సత్య నాదెళ్ల. 1998 నుంచి ఆ కంపెనీ ఇంజినీరింగ్ కేంద్రం ఈ ఊళ్లోనే ఉంది, ఇప్పుడది గచ్చిబౌలిలో. తార్నాకలో మెట్రో ఎక్కితే బండి మారకుండా రాయదుర్గంలో దిగి, ఆటో ఎక్కి ఆ గేటు దాకా వెళ్లి దణ్ణం పెట్టి రావచ్చు. సూపరింటెండెంట్ గారి బల్ల నుంచి మేడం బల్ల దాకా ఫైలు వెళ్లడం కంటే అది సులువు.

2025 అక్టోబరు 14తో విండోస్ 10కి కూడా కాలం చెల్లిందన్నావు. అంతకు ఏడాది ముందే వచ్చిన విండోస్ 11 కొత్త వెర్షన్ 24హెచ్2లో, ప్రొ రకంలో, ప్రతి సందేశానికీ సంతకం ఉండాల్సిందేనని, అతిథిగా ఎవరూ రాకూడదని నియమం పెట్టావు. సంతకం లేనిదే కాగితం కదలకపోవడం ఆఫీసువాళ్లకు కొత్తేమీ కాదు గాబట్టి వాళ్లు దీన్ని మనస్ఫూర్తిగా ఆహ్వానించారు. మొన్న కొత్త కంప్యూటర్లకు ఇండెంట్ తయారైంది. నాలుగు డెస్క్‌టాప్‌లు, విండోస్ 11 ప్రొ, నాలుగూ ఒకే రకం ఉండాలని హెడ్ గారు ప్రత్యేకంగా రాయించారు. డీటీపీ ఎక్స్‌పీని మాత్రం కదపవద్దని కింద ఇంకో గీత. ఇండెంట్ ప్రింట్ తీయడానికి పట్టుకెళుతూ అటెండర్ ఆగి, సూపరింటెండెంట్ గారిని అడిగాడు. ఆయన కాసేపు ఆలోచించి, కలం తీసి, ఐదో వరసలో తన చేత్తోనే రాశారు: పెన్‌డ్రైవ్‌లు, 32 జీబీ, నాలుగు.